మాయ పాతిన చోట బండలు వేయలేదు

మొన్న వేసవిలో నా బావమరిది రమేశ్ దంతాలపల్లిలోని వాళ్ళ ఇంటి వెనక స్నానాల గది కట్టిస్తూ, ప్లాను నన్ను గీయమన్నాడు. నేను చదివింది ఎలక్ట్రికల్ డిప్లొమా, సివిల్ కాదు. అయినా అల్లుడికి స్కేలు పట్టుకోవడం వచ్చని ఆ ఇంట్లో అందరికీ నమ్మకం. గోడలు, తలుపు, నీళ్ళ తొట్టి, మురుగు పోయే వాలు, అన్నీ కొలతలతో గీసి పంపాను. ఒక మూలకు దగ్గరగా చిన్న చదరం గీసి, "ఇక్కడ బండలు వద్దు, సిమెంటు వద్దు, నేల ఉన్నట్టే ఉంచాలి" అని రాశాను.

మేస్త్రీ ఫోన్ చేశాడు.

"సారూ, గా మూలకు మట్టి ఇడిసిపెట్టుమన్నవు. తానం జేస్తుంటె బురద గాదా?"

"అయితది. కానియ్యి."

"ఏముంది సారూ గాడ?"

"మా పాప మాయ పాతిపెట్టినం."

"అట్లనా, సరే సారూ" అని ఫోను పెట్టేశాడు. మిగిలింది ఫోనులో చెప్పే సంగతి కాదు. కానీ అదే నెలలో, మా సబ్‌స్టేషన్‌లో నా తర్వాత చేరిన తిరుపతి భార్యకు నాలుగో నెలలో చలిజ్వరం వచ్చింది. "మీ ఇంట్ల గుడ గిట్లనే అయిందట గదా అన్నా, ఏం జేసిన్రు?" అని అడిగాడు. జవాబు చెప్పబోతే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఏదైనా వరసలో పెట్టుకుంటే తప్ప నాకు మాట రాదు. కాబట్టి ఊరి తర్వాత ఊరు, నెల తర్వాత నెల, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

భూపాలపల్లి, శ్రావణం

పెళ్ళయిన ఏడాది మేము భూపాలపల్లి చివర, అడవి మొదలయ్యే వైపు, రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. దగ్గర్లోని సబ్‌స్టేషన్‌లో నేను ఆపరేటర్ని. ఆ ఇంట్లో మాకున్న సామాను ఇప్పటికీ వరసగా చెప్పగలను: ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి, ఒక ప్లాస్టిక్ కుర్చీ, రెండు స్టీలు బిందెలు, జనగామ నుంచి మా అమ్మ పంపిన పచ్చడి జాడీ, దంతాలపల్లి నుంచి మా అత్తమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు. దోమతెర కూడా ఉండేది, పెట్టెలో, మడత విప్పకుండా. తెర కడితే ఫ్యాను గాలి తగలదని నా భార్య స్వప్నా నేనూ కలిసే దాన్ని లోపల పెట్టాం. వాన వెలిశాక వెనక కిటికీలోంచి తడిసిన టేకాకుల వాసన వచ్చేది. ఇప్పుడు ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు ముందు గుర్తొచ్చేది జ్వరం కాదు, ఆ రెండు గదులే.

స్వప్నకు అప్పుడు ఐదో నెల. ఒక మధ్యాహ్నం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి దుప్పటి చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఇంట్లో ఉన్న రెండో దుప్పటీ కప్పాను. చాలక నా రెయిన్‌కోటు కూడా కప్పమంది. కాసేపటికి ఒళ్ళు పెనంలా కాలింది. ఆ తర్వాత చెమటలు పట్టి, చీర తడిసి, జ్వరం దిగిపోయింది. దిగిన వెంటనే మిరపకాయ బజ్జీలు కావాలంది. తెస్తే ఇష్టంగా తిన్నది. మర్నాడు బట్టలు కూడా ఉతికింది. ఆ మర్నాడు సరిగ్గా అదే వేళకు మళ్ళీ చలి.

మా పనిలో ఇలాంటిది ఒకటుంది. గాలికి చెట్టు కొమ్మ తగిలి లైను ట్రిప్పయి, కరెంటు దానంతటదే ఆగిపోతుంది. మళ్ళీ కరెంటు వదిలితే నిలబడుతుంది. లోపమేదీ కనిపించదు. నిలబడిందని రాసుకుని టీ తాగుతాం. కొమ్మ మాత్రం అక్కడే ఉంటుంది, గాలి కోసం చూస్తూ. స్వప్న జ్వరం చూస్తే నాకు ఆ కొమ్మే గుర్తొచ్చింది. దవాఖానకు తీసుకెళ్ళాను.

వేలి చివర నుంచి చుక్క రక్తం తీసుకున్నారు. ఫలితం వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నాం. నా పక్కన స్వప్న, ఆమె పక్కన ఒక ముసలాయన, ఆయన ఒళ్ళో మూత లేని టిఫిన్ గిన్నె. మలేరియా అన్నారు. డాక్టరు గోలీలు రాసి రెండు మాటలు గట్టిగా చెప్పాడు. జ్వరం తగ్గినా మందు మొత్తం వేసుకోవాలి. అయిపోయాక మళ్ళీ వచ్చి రక్తం చూపించుకోవాలి.

బయటికి వచ్చాక స్వప్న మెల్లగా అడిగింది.

"కడుపుల పిల్లకు ఏమన్న అయితదా?"

"మందు ఏసుకుంటె ఏంగాదన్నరు."

"నువ్వడిగినవా, ఆయనే అన్నడా?"

"నేనే అడిగిన."

"ఎన్నిసార్లు?"

"మూడు."

నవ్వింది. ఆ రోజుల్లో నేను సబ్‌స్టేషన్‌లో రీడింగులు రాసినట్టే ఇంట్లో ఆమె జ్వరం రాసేవాణ్ణి. నేను థర్మామీటరు తీస్తే చాలు, "సారూ, ఇయ్యాల నా లోడెంత?" అనేది. నూటరెండు అని చెబితే, "ఇగ ట్రిప్పైతనో ఏందో" అని కళ్ళు మూసుకునేది. అంత జ్వరంలో ఆమె ఎలా నవ్వించిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సంగతి తెలిసి మర్నాడే మా అత్తమ్మ బస్సెక్కి వచ్చింది. నాకు డ్యూటీలు, ఇంట్లో ఇంకొకరు లేరు. "జరమొచ్చిన పిల్లను ఒక్కదాన్ని ఇడిసిపెట్టి నువ్వు కరెంటు జూసుకుంటవా అల్లుడా?" అంది. అందులో తప్పేమీ లేదు. ఎలాగూ తొలి కాన్పు పుట్టింట్లోనే. మిగిలిన గోలీలు స్వప్న సంచిలో పెట్టి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో పైన రాసి, బస్సెక్కించాను. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "పచ్చడి జాడీకి మూత గట్టిగ పెట్టు" అంది.

దంతాలపల్లి, బతుకమ్మ రోజులు

దంతాలపల్లి ఇంట్లో అప్పుడు ముగ్గురుండేవారు. మా అత్తమ్మ, రమేశ్, స్వప్న నాయినమ్మ లచ్చవ్వ. మా మామ స్వప్న చిన్నప్పుడే పోయాడు. ఇల్లు, పొలం, కోళ్ళు, మనుషులు, అన్నీ లచ్చవ్వ మాట మీదే నడిచేవి. ఎండకు నల్లబడ్డ సన్నటి మనిషి, మెడలో పగడాల పేరు, నోట్లో ఎప్పుడూ ఒక మాట.

బతుకమ్మకు సెలవు పెట్టి వెళ్ళాను. ఊళ్ళో పంచిన దోమతెరలు ఆ ఇంట్లోనూ రెండున్నాయి. శ్రావణంలో మిరప నారుమడి మీద పురుగు వాలకుండా ఒకటి కప్పారట. నారు పీకాక అది కోళ్ళ గూటి మీదికి వచ్చింది. రెండోది కల్లాపి చల్లే చోట కనకాంబరాల చుట్టూ ఉంది.

"అవ్వా, గవి మనుషులకు ఇచ్చినయి గదా" అన్నాను.

"కోళ్ళను దోమలు కుట్టయా? నోరు లేనియి, చెప్పుకోలెవ్. నీకు నోరుంది, చెయ్యుంది, కొట్టుకో" అంది.

ఇంటిల్లిపాదీ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే ఒక తెర విప్పి, ఉతికి, స్వప్న మంచానికి కట్టాను. కోళ్ళు నా మీద అలిగాయని అవ్వ వారం రోజులు చెప్పుకుంది.

సద్దుల బతుకమ్మ నాడు వాకిట్లో ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. స్వప్నకు ఏడో నెల. తిరగవద్దని స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఒళ్ళో మిగిలిన తంగేడు పూలు పెట్టుకుని చూస్తోంది. చూస్తూ చూస్తూ కొంగు భుజాల మీదికి లాక్కుంది. తర్వాత చేతులు లోపలికి. దగ్గరికి వెళ్ళేసరికి మోకాళ్ళు వణుకుతున్నాయి, పూలు కింద పడ్డాయి.

"మంచుకు కూసున్నది, గందుకే" అంది అత్తమ్మ.

మర్నాడు తొర్రూరు తీసుకెళ్ళి రక్తం చూపించాం. మలేరియా కనిపించలేదన్నారు. రక్తం మాత్రం బాగా తగ్గిందన్నారు. లేదని రాసి ఉన్న ఆ కాగితం ఇంట్లో అందరికీ పండగలా అనిపించింది. రక్తం కోసం మందులు, అవ్వ వండే మునగాకు కూర, పల్లీలు, బెల్లం. ఆ తర్వాతి వారాల్లో జ్వరం పూర్తిగా రానూ లేదు, పూర్తిగా పోనూ లేదు. ఒక రోజు ఒళ్ళు కాస్త వెచ్చన, ఒక రోజు అలసట. ఊళ్ళో గర్భిణులను పరీక్ష చేసే నర్సక్క వచ్చి టేపుతో పొట్ట కొలిచి, "నెలలకు తగ్గట్టు పిల్ల పెరుగుతలేదు. పెద్దదవాఖానల చూపియ్యండ్రి" అని చెప్పింది. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అంటారు. వచ్చే వారం మానుకోట పోదామనుకున్నాం. వారం ఆగకుండానే పోవాల్సి వచ్చింది.

మానుకోట, మార్గశిరం

నెల ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. నేను భూపాలపల్లి నుంచి చేరేసరికి స్వప్నను కాన్పుల గదిలోకి తీసుకెళ్ళారు. బయట పొడుగాటి హాలు, గోడ వెంట చాపలు, చాపల మీద ఊళ్ళకు ఊళ్ళు. ఒక చాప మీద మా అత్తమ్మ మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. పక్కన లచ్చవ్వ, ఆమె ఒళ్ళో ఒక కొత్త మట్టి కుండ.

"నీళ్ళు తెచ్చినవా అవ్వా?" అని అడిగాను.

"నీళ్ళకు కుండేందిరా, గా మూలకు నల్లా లేదా? ఇది మాయకు."

మా వైపు చాలా ఇళ్ళలో ఉన్న పద్ధతే. కాన్పయ్యాక బయటికి వచ్చే మాయను పసుపు కుంకుమలతో కొత్త కుండలో పెట్టి, ఇంటి వెనక జలకాలాడే చోట పాతుతారు. పురుడు తీరేదాకా తల్లికీ బిడ్డకూ దాని మీదే స్నానం. కాన్పులు ఇంట్లో జరిగే రోజుల పద్ధతి. దవాఖానలకు మారాక చాలామంది వదిలేశారు. లచ్చవ్వ వదల్లేదు. ఆంబులెన్సులో స్వప్న చెయ్యి ఒక చేత్తో, కుండ ఒక చేత్తో పట్టుకుని వచ్చిందట.

జనగామ నుంచి మా అమ్మ రైల్లో వచ్చేసరికి పాప పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. తెల్లటి గుడ్డలో చుట్టి ఒక్క క్షణం చూపించారు. ముఖం నా పిడికిలంత. ఏడుపు వినిపించీ వినిపించనట్టు. వెంటనే పసిపిల్లల వార్డులోకి తీసుకెళ్ళారు. స్వప్నకు ఒళ్ళు పాలిపోయి, మళ్ళీ చలి మొదలైంది.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. కళ్ళద్దాలు, నెరిసిన జుట్టు, కోస్తా మాట. మొదటి నుంచీ ఏం జరిగిందో చెప్పమంది. నేను వరసగా చెప్పాను: శ్రావణంలో చలిజ్వరం, రోజు విడిచి రోజు, మలేరియా అన్నారు, మందు ఇచ్చారు, బతుకమ్మకు మళ్ళీ చలి, తొర్రూరులో లేదన్నారు.

"ఆ మందు మొత్తం వేసుకుందా?" అంది.

నేను అత్తమ్మ వైపు చూశాను. అత్తమ్మ చాప వైపు చూసింది.

"ఇంటికొచ్చిన్నాడే జరం దిగింది మేడం. దిగినంక గోలీలు ఏడి చేస్తయి, కడుపుల పిల్లకు తలుగుతదని ఆపినం. మా వాడల ఎవలైనా గట్లనే ఆపుతరు."

"మళ్ళీ రక్తం చూపించారా?"

"జరం లేంది ఏం చూపిస్తం?"

హాలు చప్పుడు ఒక్కసారి ఎక్కువైనట్టు అనిపించింది. మా అమ్మ ఆగలేకపోయింది.

"డాక్టరు ఇచ్చిన మందు ఆపేటందుకు మీరెవరు వదినా? పిల్లను మంచిగ చూసుకుంటమని తోలుకపోయిన్రు. గిట్లనా చూసుకునుడు?"

"నా బిడ్డ నాకు బరువా? నేను కావాలని చేసిన్నా?"

"కావాలని చేసిన్రంటలేను..."

"మీరిద్దరూ తర్వాత తగువాడుకోండి" అంది డాక్టరమ్మ, కోపం లేకుండా. "నాకు ఆ మాయ కావాలి. ల్యాబ్‌లో చూపించాలి. ఒక్కోసారి ఈ మలేరియా పురుగు వేలి రక్తంలో కనిపించదు, మాయలో దాక్కుని ఉంటుంది. అదుంటేనే తల్లికి రక్తం తగ్గుతుంది, బిడ్డ ఎదగదు. ఉందని తేలితే తల్లికి ఏ మందివ్వాలో, బిడ్డలో ఏం చూడాలో నాకు తెలుస్తుంది."

అప్పటిదాకా మాట్లాడని లచ్చవ్వ కుండ దగ్గరికి లాక్కుంది.

"మాయ ఇయ్యం."

"అవ్వా" అన్నాను.

"నువ్వు ఊకో అల్లుడా. అది పిల్ల ఉన్న ఇల్లు. అద్దె ఇల్లు ఖాళీ చేసినా ఊడ్చి, దీపం పెట్టి పోతం. గసొంటిది కోసి, సీసాల పోసి, ఏడ పారేస్తరో. గట్ల చేస్తె పిల్ల నిలుస్తదా? ఉన్న ఇల్లు పాడువెట్టి పిల్లను బతికిస్తరా?"

లోపల స్వప్న వణుకుతోంది. ఇంకో గదిలో పాప గాజు పెట్టెలో ఉంది.  డాక్టరమ్మ విసుక్కోలేదు. చాప అంచున గొంతుకూర్చుంది.

"ఇల్లేనమ్మా, నేను కాదనను. కానీ ఆ ఇంట్లో దొంగ దూరాడని నా అనుమానం."

"దొంగా? తొర్రూర్ల లేడన్నరు గదా."

"వాళ్ళు వీధిలో వెతికారు. ఇంట్లో వెతకలేదు. గోరంత ముక్క తీసి చూస్తాను. మిగతా ఇల్లంతా నీకే అప్పజెబుతాను. దొంగను లోపలే ఉంచి తాళం వేస్తావా చెప్పు."

 అవ్వ ఒళ్ళోని కుండను అటూ ఇటూ తిప్పింది.

"నా ముంగట్నే కొయ్యాలె."

"రా మరి."

అవ్వ లేచి, కుండ నా చేతిలో పెట్టి, ఆమె వెనకే లోపలికి వెళ్ళింది. వస్తూ వస్తూ, "మాట మనది గాకపోయినా మనిషి మంచిదే" అంది నాతో.

మర్నాడు డాక్టరమ్మ వార్డులోకి వస్తూనే ముందు అవ్వ దగ్గరికి వెళ్ళింది.

"దొరికాడు" అంది.

"నేను చూసినప్పుడే అనుకున్న. రంగు నల్లగుండె" అంది అవ్వ, ఈ సంగతి మొదటి నుంచీ తనకు తెలిసినట్టు.

ఆ రోజు నుంచి స్వప్నకు సరైన మందు మొదలైంది. రమేశ్ రక్తం సరిపోయింది, ఎక్కించారు. పాప రక్తంలో మలేరియా కనిపించలేదు. ఆ మాట విన్నాక మా అమ్మ గోడ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. అయినా డాక్టరమ్మ ముందే హెచ్చరించింది: జ్వరం వస్తుందేమో కొన్ని వారాలు చూస్తూ ఉండాలి, ఇంత చిన్న బిడ్డకు చలే పెద్ద శత్రువు, పాలు తాగే బలం కూడా లేదు, బరువు పెరిగితేనే ఇంటికి పంపేది.

అవ్వకిచ్చిన మాట నిలబెట్టుకుని మిగతా మాయను అప్పజెప్పారు. కుండ తీసుకుని అవ్వ, రమేశ్ దంతాలపల్లి బస్సెక్కారు. రమేశ్ తర్వాత చెప్పాడు. కండక్టరు, "కుండల ఏందవ్వా?" అని అడిగాడట. "మా మునిమనుమరాలి ఇల్లు. దీనికి గుడ టికెట్ కొడతవా?" అందట. కండక్టరు ఏమనుకున్నాడో, ముందు సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టాడట.

తర్వాతి రోజులు నేను మరిచిపోకూడదనుకునే రోజులు. స్వప్నకు లేచే బలం వచ్చేదాకా పాపను నా ఛాతీ మీద పెట్టుకోవాలని నర్సు చెప్పింది. చొక్కా విప్పి, ఒంటికి ఒళ్ళు తగిలేలా, పైన దుప్పటి. ఆ వార్డులో ఉన్నవాళ్ళంతా ఆడవాళ్ళు. సిగ్గుతో చచ్చిపోయాను. దంతాలపల్లి నుంచి తిరిగొచ్చిన అవ్వ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"బాగనే పొదుగుతున్నవు అల్లుడా. ఇయ్యాల్రేపు పుంజులు గుడ పనికొస్తున్నయి."

పక్క మంచం దగ్గర డోర్నకల్ వైపు తండా నుంచి వచ్చిన కమ్లవ్వ ఉండేది. ఆమె కోడలికీ నెల తక్కువ బిడ్డే. కొడుకు పనికి దూరదేశం వెళ్ళాడు. పాప నా ఛాతీ మీద నుంచి జారుతుందని భయపడి నేను కదలకుండా కర్రలా కూర్చుంటే, ఆమె తన పాత చున్నీ తెచ్చి, నా భుజం మీంచి నడుము చుట్టూ తిప్పి కట్టింది. "ఇగ లే, నడువు. ఏంగాదు" అంది. తర్వాత పాప చెవి దగ్గర వంగి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఏమని అడిగితే, "నీకు చెప్పేది కాదు, దానికి చెప్పేది" అంది. ఆ చున్నీ మళ్ళీ అడగలేదు. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

పాలు ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పట్టేవాళ్ళం. ఆ పని మా అమ్మది. అత్తమ్మ వార్డు బయటే కూర్చునేది, సరిగా తినేది కాదు. రెండో రోజో మూడో రోజో అమ్మ జనగామ నుంచి తెచ్చిన జొన్నరొట్టె విప్పి ఆమె ముందు పెట్టింది.

"తినుండ్రి వదినా."

"ఆకలైతలేదు."

"ఏడి చేస్తదని నేనున్నా గోలీలు ఆపుతుంటి. మా ఇంట్ల గుడ గంతే. ఏదో నోటికొచ్చి అన్న. తినుండ్రి, మీరు పడితే మిమ్ముల ఎవలు చూస్తరు?"

అత్తమ్మ రొట్టె తుంచి, సగం అమ్మకే ఇచ్చింది. ఇద్దరూ గోడకు ఆనుకుని తిన్నారు. కిటికీ బయట స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించేది. ఏ రైలు వరంగల్ వైపో, ఏది డోర్నకల్ వైపో కూతను బట్టి చెప్పడం వాళ్ళిద్దరికీ ఆట అయింది. ఇద్దరూ తప్పే చెప్పేవాళ్ళు.

పాప బరువు మొదట కొంచెం తగ్గి, ఆగి, తర్వాత పెరగడం మొదలైంది. పెరిగిందని నర్సు చెప్పిన ఉదయం స్వప్న నా వైపు తిరిగి, "సారూ, లైను నిలబడ్డదా?" అంది.  తల ఊపాను.

దంతాలపల్లి, ఆ తర్వాత జనగామ

ఇంటికి తెచ్చాక అవ్వ మొదటి స్నానం మాయ పాతిన చోటే చేయించింది. చలికాలపు ఎండ. అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని, పాదాల మీద పాపను పడుకోబెట్టి, వేడినీళ్ళు చేత్తో తీసి పోసింది. ఆ నీళ్ళు మట్టిలోకి ఇంకిపోతుంటే, "తాగు, తాగు" అంది. పాపను అందో, కింద ఉన్న ఇంటిని అందో అడగలేదు. పురుడు తీరాక ఆ రెండో దోమతెర కూడా కనకాంబరాల నుంచి విప్పి, తనే తెచ్చి పాప మీద కట్టింది. కోళ్ళ ఊసెత్తలేదు.

తర్వాత జనగామలో మా ఇంట్లో కొన్ని నెలలున్నాం. మా నాయినది కిరాణా కొట్టు. దవాఖానలో చూపించే రోజు దాకా ఆగలేక, ఆయన రోజూ పాపను బియ్యం తూచే కాటా మీద తువ్వాలు పరిచి పడుకోబెట్టేవాడు. సరుకులకు వచ్చినవాళ్ళు ముందు పాప బరువు విని, తర్వాత పప్పు అడిగేవాళ్ళు. అందరి పిల్లలకన్నా ఆలస్యంగా కూర్చుంది, ఆలస్యంగా నడిచింది. ప్రతి ఆలస్యానికీ నేను లోపల్లోపల భయపడ్డాను. ఒళ్ళు కాస్త వెచ్చబడితే రక్తం చూపించుకుని వచ్చేవాళ్ళం. నడిచాక ఇక ఆగలేదు. కొట్టులో బెల్లం డబ్బా ఎక్కడుందో అన్నిటికన్నా ముందు కనిపెట్టింది.

లచ్చవ్వ ఆ తర్వాతి చలికాలంలో పోయింది. నిద్రలో, హాయిగా. ఇప్పుడు పాపకు మూడేళ్ళు దాటాయి. మానుకోట హాలు తలచుకుంటే నాకు మందుల వాసన గుర్తు రాదు. చాప, జొన్నరొట్టె, కూతను తప్పుగా గుర్తుపట్టే ఇద్దరు ఆడవాళ్ళు, ఒళ్ళో కుండ పెట్టుకున్న అవ్వ. అంత భయం మధ్య మేమందరం ఒకే చాప మీద ఉన్నాం. మళ్ళీ అలా ఎప్పుడూ కూర్చోలేదు.

తిరుపతికి నేను చెప్పింది ఇంతే. జ్వరం దిగినా గోలీలు ఆపకు, పెద్దవాళ్ళు వేడి చేస్తుందంటే డాక్టరు దగ్గరికే వాళ్ళనూ తీసుకెళ్ళు. అయిపోయాక మళ్ళీ రక్తం చూపించు. ఒకసారి లేదన్నారని ఊరుకోకు, చలి మళ్ళీ వస్తే మళ్ళీ వెళ్ళు. కాన్పు చేసే డాక్టరుకు ముందు వచ్చిన జ్వరం సంగతి తప్పకుండా చెప్పు. తెర పెట్టెలోంచి తియ్యి. అతను అన్నీ విని, "కోళ్ళ మీద కప్పినం అన్నా" అన్నాడు. ఆ సాయంత్రమే విప్పాడట. అతని భార్యకు ఇప్పుడు ఏడో నెల, ఇద్దరూ బాగున్నారు.

మేస్త్రీ సంగతి చెప్పి ముగిస్తాను. మట్టి వదిలితే నీళ్ళు నిలిచి దోమలు చేరతాయని మళ్ళీ ఫోన్ చేశాడు. ఆయన మాట నిజం. అందుకే ఆ చదరం చుట్టూ చిన్న కట్ట కట్టించి, పైన ఇసుక, కంకర పోయించి, మిగతా నేలకు మురుగు వైపు వాలు పెట్టించాను. నీళ్ళు ఇంకుతాయి, నిలవవు. కింద నేలను మాత్రం కదిలించవద్దన్నాను.

మొన్న వెళ్ళినప్పుడు పాప కొత్త గదిలో స్నానం చేసింది. నున్నటి బండలన్నీ వదిలేసి, వెళ్ళి ఆ చదరంలో నిలబడింది.

"అక్కడ వద్దే, కాళ్ళకు ఇసుక అయితది" అంది స్వప్న.

"గీడ సల్లగున్నది" అంది పాప.

పాదాలకు ఇసుక అంటింది. కడిగి, ఎత్తి, బండల మీద నిలబెట్టాం. మేము తువ్వాలు అందుకునే లోపల మళ్ళీ వెళ్ళి అక్కడే నిలబడింది. అత్తమ్మ చెంబులో మిగిలిన నీళ్ళు ఆమె తల మీద పోసింది.